ఒక్కదాన్నే పోతానంటే ఏం చెప్పాలి?

మా పెద్దమ్మాయికి కొండల పిచ్చి పట్టి రెండేళ్లయింది. గౌలిపురా గల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. చిన్నప్పుడు దానికి తెలిసిన ఎత్తంటే చార్మినార్ మెట్లు, గోల్కొండ మీది బాలా హిస్సార్, అంతే. ఉద్యోగంలో చేరాక ఆఫీసు స్నేహితులతో కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ వెళ్లొచ్చింది. అది సుమారు 3,800 మీటర్లు. ఫోటోలు చూసి మేమూ మురిసిపోయాం.

ఈ ఏడు ఫ్రెండ్‌షిప్ పీక్ అంటోంది. మనాలీ దగ్గర ఉంటుందట, 5,289 మీటర్లు. పైన అంతా మంచు. తాడు, మంచుగొడ్డలి, బూట్లకు ఇనుప ముళ్లు కావాలి. అదీ ఒక్కతే పోతానంటుంది. "గ్రూపుల పోతే అందరి కోసం ఆగాలె అమ్మా. నా నడక నేను నడుస్త, ఏమైతది?" అంది.

ఇంట్లో గొడవ మొదలైంది. "ఆడపిల్లకు కొండలెందుకే, ముందు పెళ్లి సంగతి చూడుండ్రి" అని మా అత్తమ్మ. మా ఆయన దుకాణం నుంచి వచ్చి, అన్నం తిని, ఏమీ మాట్లాడకుండా పడుకున్నారు. పిల్ల నా దగ్గరకొచ్చి, "నేను మగపిల్లాణ్నయితే పంపేటోళ్లు గద" అంది.

ఆ మాటకు నిజాయితీగా జవాబు చెప్పాలనిపించింది. ఆడపిల్లవని వద్దంటే అది అబద్ధపు కారణం అవుతుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్లే. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. గురుకులంలో చదువుకుంటూ భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లడాఖ్‌లో శిక్షణ తీసుకుంది. ఆడపిల్ల కొండ ఎక్కగలదా అన్న ప్రశ్న మన రాష్ట్రంలో అక్కడితో అయిపోయింది. కానీ పూర్ణ పక్కన ఆనంద్ కుమార్ ఉన్నాడు, షెర్పాలున్నారు, నేర్పిన గురువున్నాడు. ఒక్కతే పోలేదు.

మగవాళ్ల సంగతి చెప్పాలంటే మల్లి మస్తాన్ బాబు ఉన్నారు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం అనే చిన్న ఊరు ఆయనది. కోరుకొండ సైనిక్ స్కూల్లో, ఖరగ్‌పూర్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివారు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశారు. అంత అనుభవం ఉన్న మనిషి 2015 మార్చిలో అండీస్ పర్వతాల్లో, అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని సెర్రో త్రెస్ క్రూసెస్ అనే శిఖరం మీదికి ఒంటరిగా వెళ్లారు. అది 6,700 మీటర్లు దాటిన కొండ. మార్చి 24 తర్వాత ఆయన నుంచి కబురు లేదు. ఏప్రిల్ 3న ఆయన దేహం దొరికింది. అప్పటికి ఆయన వయసు నలభై. నెల్లూరులో ఆ పదిరోజులు ఆ ఇంటివాళ్లు ఎలా గడిపి ఉంటారో నేను రాయలేను.

మస్తాన్ బాబుకు ధైర్యం తక్కువా? నేర్పు తక్కువా? రెండూ కాదు. అందుకే ఆయన పేరు చెప్పాను మా పిల్లకు.

కొండ ఎత్తుకు మన ఒంట్లో ఏమవుతుందో నాకు కుక్కర్‌తో అర్థమైంది. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. హైదరాబాద్ సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. 5,300 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అక్కడ నీళ్లు 83 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మూత లేని గిన్నెలో బియ్యం పెడితే నీళ్లు తెర్లుతూనే ఉంటాయి, అన్నం ఉడకదు. అదే పల్చటి గాలితో మన ఊపిరితిత్తులు పనిచేయాలి. ఒంటికి అలవాటయ్యే టైం ఇవ్వాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగమని డాక్టర్లు చెబుతారు. తొందరపడితే ముందు తలనొప్పి, వాంతులు. ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మెదడు వాయడం. అప్పుడు మొదట చేయాల్సిన వైద్యం కిందికి దిగడమే.

ఒంటరితనం ప్రమాదమయ్యేది ఇక్కడే. మెదడుకు ప్రాణవాయువు తగ్గితే ముందు పోయేది తెలివే. నడక తూలుతుంది, మాట తడబడుతుంది, కానీ ఆ మనిషికి మాత్రం తాను బాగానే ఉన్నాననిపిస్తుంది. చలి ఒంట్లోకి దిగినా అంతే. పక్కన ఇంకొకరుంటే "నీ మాట తేడాగా ఉంది, దిగుదాం పద" అంటారు. ఒక్కరే ఉంటే ఆ మాట అనేవాళ్లు లేరు. కాలు మడత పడితే మన గల్లీలో ఆటో ఎక్కి ఆస్పత్రికి పోతాం. అక్కడ కాలు మడత పడితే ఆ రాత్రంతా మంచులోనే. మంచు కింద దాగిన పగుల్లో పడితే తాడు పట్టి లాగడానికి రెండో మనిషి కావాలి.

ఫోన్ ఉంది కదా అంటుంది మా పిల్ల. పైన సిగ్నల్ ఉండదు. ఉపగ్రహ ఫోన్ కొందామంటే మన దేశంలో అనుమతి లేకుండా వాడటం నేరం.

ఇవన్నీ విన్నాక, "ఎవరో తోడుంటే నేను ఎక్కినట్టెట్లయితది?" అని అడిగింది. అప్పుడు లాల్ దర్వాజ బోనాలు గుర్తుచేశాను. బోనం ఎత్తిన ఆమె పక్కన ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు, తల తిరిగితే పట్టుకోవడానికి. అయినా బోనం ఎత్తింది ఆమేనంటాం, పక్కన నడిచినోళ్లది అనం. దానికి జవాబు చెప్పలేదు, లేచి తన గదిలోకి పోయింది.

వారం తర్వాత మనాలీలోని పర్వతారోహణ సంస్థలో మొదటి స్థాయి కోర్సు వివరాలు తెచ్చి మా ఆయనకు చూపించింది. దాదాపు నెల రోజులు. ఆఫీసులో సెలవు దొరకాలి. ఆ తర్వాత శిఖరానికి గైడ్‌తో పోతానంది. "ఎప్పటికైనా ఒక్కదాన్నే పోతా" అని కూడా అంది. దానికి నేను ఒప్పుకోలేదు, అది తగ్గలేదు. అత్తమ్మ ఇంకా గొణుగుతూనే ఉన్నారు.

మీ ఇంట్లోనూ పిల్లలు బ్యాగు సర్దుతుంటే వద్దనేముందు ఇవి అడగండి. ఎంత ఎత్తు, ఎన్ని రోజుల్లో? పక్కన ఎవరు? ఏ దారిలో పోయి ఏ రోజు దిగుతారో కింద ఊళ్లో ఎవరికి చెప్పారు? పగలు ఎన్ని గంటలకు, శిఖరం అందకపోయినా, వెనక్కి తిరుగుతారు? చివరి ప్రశ్నకు టైం చెప్పగలిగిన పిల్ల కొంచెం నేర్చుకున్నట్టే. మా పిల్ల పన్నెండు గంటలని చెప్పింది. కాగితం మీద రాయించి ఫ్రిజ్‌కు అంటించాను.