అద్దెకు తెచ్చుకొన్న పేరు

ఆవకాయ యమ్ముకొని బ్రతుకవచ్చునని నాకు 2010వ సంవత్సరమున తెలిసినది. అంతకుముందు పంచిపెట్టుట మాత్రమే యెఱుగుదును. ప్రతి వేసవిని మాకు రెండు జాడీలు, చుట్టములకు నాలుగు జాడీలు పెట్టుట మా యింటి యాచారము. నా భర్త పనిచేయు మిల్లు మూతపడిన యేట, ఆ నాలుగు జాడీలకు వెల కట్టుదమని నేననగా మా అత్తగారు మూడు దినములు నాతో మాటలాడలేదు. ఊరక యిచ్చిన గౌరవమట, అమ్మిన నగుబాటట! చేయి యొకటే, ఆవపిండి యొకటే. ఈ తర్కము నాకిప్పటికిని బోధపడలేదు. నాలుగవనాడు ఆమెయే వచ్చి, "అమ్మాయీ, అమ్మేటట్లయితే గానుగ పప్పునూనే పొయ్యి" అని జాడీల యెదుట కూర్చుండిరి.

బజారులో కొట్టు తెఱచుటకు మాకు సొమ్ము లేదు. నా స్నేహితురాలి కుమారుడొకడు కంప్యూటరు చదువు చదివినవాడు, ఉపాయము చెప్పెను. "పిన్నిగారూ, జనం ఏ మాట పెట్టి వెదుకుతారో ఆ మాటే మన పేరైతే చాలు, వాళ్లే మన గుమ్మంలోకి వస్తారు" అనెను. మా జిల్లా పేరును, ఊరగాయ పేరును కలిపి యొక డొమైను పేరు తీసెను. ఆ యేటి రుసుము ఆఱువందల రూపాయలలోపే. ఆఱువందలతో జిల్లా పేరంతయు నాదైనదిగదా యని నేను మురిసితిని.

పేరు తీయుటకు మాకు పట్టిన పంచాయితీ చెప్పిన చదువరులు నవ్వుదురు. తెలుగున ఆవకాయ యని వ్రాయుటకు మార్గమొక్కటే. ఆంగ్లలిపిలోనో, మొదట 'ఏ' అను నక్షరము నొకటి పెట్టువారు కొందఱు, రెండు పెట్టువారు కొందఱు, చివర 'వై, ఏ' అనువారు కొందఱు, 'ఐ' తోడనే ముగించువారు మఱికొందఱు. చెన్నపట్టణమువారు నడుమ 'కే'ను రెండుమాఱులు పలికింతురు. ఇన్ని రూపములును కొనుటకు మా తరము గాక, ఎక్కువమంది వ్రాయుదురని మాకు తోచినదానిని పట్టుకొంటిమి. తెలుగు లిపిలోనే డొమైను పేరు పెట్టుకొని చివర 'భారత్' అని తెలుగుననే వ్రాసికొను సౌకర్యము తరువాత వచ్చినది. కాని నాకు ఉత్తరువులు పంపువారిలో తెలుగున టైపుచేసి వచ్చువారు నేటికిని పలుచనే.

ఉపాయము ఫలించినది. తొలి వేసవిని నలువది కిలోలు, మఱుసటి వేసవిని మున్నూఱు. కాయలు కొట్టుటకు ఇరుగుపొరుగున నలుగురు స్త్రీలు కూలికి వచ్చిరి. టెంకతో ముక్కలు కొట్టుట, జీడి తీసి పొర తుడుచుట, మూడవనాడు తిరుగ గలుపుట, ఇవియన్నియు పెరటిలో జరుగుచుండగా ఊరివారు గోడమీదుగా చూచెడివారు. కష్టమంతయు పొట్లము కట్టుటలోనే. నూనె యెట్టి మూతనైనను తప్పించుకొనును. దారిలో కారి, ప్రక్కవాని పుస్తకముల మూటను పాడుచేసిన దానికిగూడ నేను సొమ్ము చెల్లించితిని.

ఒకనాడు హైదరాబాదునుండి యొకాయన ఫోను చేసి, "ఆవకాయవాళ్లేనా?" అని గద్దించెను. బూజు పట్టిన సరకు పంపితిరట. ఆయన పేరు మా పుస్తకములో లేదు. అరగంట విచారింపగా తేలినదేమన, మా పేరువంటిదే నడుమ అడ్డగీత గల పేరొకటి యున్నది, ఆయన కొన్నది యక్కడ. "మీదికాదని ఎట్లా నమ్మేదండీ? రెండూ ఆవకాయేగా" అనెను. నేను మాఱు పలుకలేకపోయితిని. రెండేండ్లనుండి నా చేతివంట తినుచున్నవారికి సయితము నా పేరు తెలియదు. నేను ఆవకాయవారిని. అవతలివాడును ఆవకాయవాడే.

2012 సెప్టెంబరు చివరను రెండవ దెబ్బ తగిలినది. వెదకెడు మాటయే పేరుగా పెట్టుకొని లోపల సరకు లేని తావులను వెనుకకు నెట్టుదుమని గూగుల్ వారు ప్రకటించిరి. మొదటి వరుసలోనుండిన మేము కనుమఱుగైతిమి. నెలకు అరువది యుత్తరువులు వచ్చునవి తొమ్మిదికి దిగినవి. తొలుత నేనును వారిని తిట్టితిని. పిదప నా పుటలను నేనే పరాయిదానివలె చదివిచూచితిని. నాలుగు పుటలలో ఆవకాయ యను మాట ముప్పదిమాఱులున్నది. కాయ యెచ్చటిదో, ఉప్పెంతయో, ఎన్నాళ్లు నిలుచునో, కలిపినదెవరో ఒక్క వాక్యమైనను లేదు. ఆ తిరస్కారము న్యాయమే యనుకొంటిని, లోన మండుచున్నను.

పుటలు తిరుగ వ్రాయింపబోగా అసలు సంగతి బయటపడినది. ఆ పేరు నాది కాదు. డొమైను పేరు కొనునది కాదు, గడువున కద్దెకు తీసికొనునది. అద్దె యెవరి పేర జమయైనదో వారిదే యధికారము. పుస్తకములో నుండినది ఆ కుఱ్ఱవాని పేరు, ఆ కుఱ్ఱవాని యీమెయిలు. అడుగగా, "పిన్నిగారూ, దీనికి ఇప్పుడు బజారులో ధర ఉంది" అని యొక మొత్తము చెప్పెను. ఆ మొత్తముతో మాకు రెండేండ్ల కాయలు వచ్చును.

వకీలునడిగితిని. మన దేశపు 'ఇన్' పేర్ల తగవులు తీర్చుటకు పద్ధతి కలదు; కాని ఆ పేరుపై మనకు ముందే హక్కున్నదని చూపవలెనట. 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టమును చూపి, వస్తువు పేరును, ఊరి పేరును ఉన్నవున్నట్లు చేర్చిన మాటను ఏండ్ల తరబడి వాడుకచే మీదిగా ప్రసిద్ధి చేసికొన్నగాని చిహ్నముగా నమోదు చేయరని ఆయన చెప్పెను. నాకు కోపము వచ్చినమాట నిజమే, చట్టము తప్పనలేను. ఆవకాయ నాదని నేననగలిగిననాడు, మా వీధిలో ప్రతి యిల్లాలిని నేను కోర్టుకీడ్వవచ్చునుగదా!

నన్ను కలచినది వేఱొకటి. మా అమ్మ పసుపుకుంకుమల పొలము మేనమామ పేర నుండెడిది. పత్రములు మగవారికడ నుండిన భద్రమని మా అమ్మ నమ్మెను, నష్టపోయెను. ఆ కథ చెప్పి తోడిస్త్రీలను మందలించిన నేనే, ఈమెయిలు తెఱచుట నాకు రాదని నా వ్యాపారమును పరుని చేతిలో పెట్టితిని. పొలమైనచో అడిగియుందును. కంప్యూటరు అనగానే నోరు మూతపడినది. ఆ వేసవి సెలవులలో మేనకోడలికడ కూర్చుండి, నలువదియాఱవయేట, ఈమెయిలు మొదలు అన్నియు నేర్చుకొంటిని.

ఆ మొత్తము నేనీయలేదు. మా అత్తగారి పేర క్రొత్త డొమైను తీసితిని. ఆ పేరు పెట్టి వెదకెడువా రెవరును లేరు. తొలి రెండు వేసవులును నష్టమే. సీసాతో వెళ్లిన చీటి చూచి తిరిగి వచ్చినవారితోడనే మెల్లగా పుంజుకొన్నది. చీటిమీద తన పేరచ్చుపడుటకు ఆమె యెంత సిగ్గుపడిరో! ఎవరైన ఫోనుచేసి ఆ పేరు చెప్పి అడిగినప్పుడుమాత్రము తానే మాటలాడెదనని చేయి చాచెడివారు.

పాత పేరును నిరుడు తెఱచి చూచితిని. అమ్మకమునకున్నదను ప్రకటన తప్ప అందేమియు లేదు. క్రొత్త పేరు రసీదు ఇంటి దస్తావేజుల పెట్టెలో, నా పేరనే యున్నది. గడువు మాఘమాసములో తీరును. మామిడిపూత కనబడగానే మా అత్తగారు, "అమ్మాయీ, పేరుకి అద్దె కట్టావా?" అని యడుగుదురు.