కంఠభేదము

నా చూపు ఇకమీదట మందగించునే గాని మెరుగుపడదని నేత్రవైద్యుడు చెప్పిన నాడు, ఇంటికి వచ్చి నా దుర్భిణిని తమ్ముని కుమారునకు ఇచ్చివేసితిని. ముప్పది యేండ్లుగా పక్షులను చూచుటయే నాకు వినోదము. రెక్కపై చార, తోకపై మచ్చ, కంటిచుట్టు వలయము — వీనిని బట్టియే పేర్లు చెప్పెడివాడను. కూతను ఎన్నడును లెక్కచేయలేదు. చూడలేనివానికి పక్షులతో పనియేమి యని తలచితిని.

కొన్ని దినములకు ఆ బాలుడే ఒక పుస్తకము తెచ్చి, త్రష్ అను పక్షి వృత్తాంతమును నాకు చదివి వినిపించెను.

అది గోరువంక కంటె కొంచెము పెద్దది. గోధుమవన్నె వీపు, తెల్లని పొట్టపై నల్లని నెలవంకల వంటి మచ్చలు. 1842లో బ్లైత్ అను శాస్త్రజ్ఞుడు దానికి నామకరణము చేసెను. అది మొదలు హిమాలయములలో అట్టి రూపముతో కనబడిన పక్షులన్నియు ఒకే జాతి యని యెంచిరి. 2009లో స్వీడను దేశీయుడైన పెర్ ఆల్‌స్ట్రామ్, మన దేశీయుడైన శశాంక్ దాల్వీ అరుణాచల్ ప్రదేశ్ పశ్చిమభాగమున కొండలెక్కుచుండగా వారికొక వింత తోచెను. అడవిలో, సూదుల వంటి ఆకులు గల వృక్షముల నడుమ నున్న పక్షి శ్రావ్యముగా పాడుచున్నది. ఇంకను పైకి, చెట్లు మొలవని రాతినేలకు పోగా, అదే రూపము గల పక్షి గరగరమని బొంగురుగొంతుతో కూయుచున్నది!

మనుష్యులకు వలెనే పక్షులకును ప్రాంతమును బట్టి యాస మారుట కలదు. కావున పాటను మాత్రమే నమ్మి వారు తీర్పు చెప్పలేదు. 7 దేశములలోని 15 ప్రదర్శనశాలలలో దాచియుంచిన పక్షులను పరీక్షించిరి. దూది కూరి సొరుగులలో పరుండబెట్టిన ఆ పక్షులు ఏండ్ల తరబడి పండితుల కన్నుల యెదుటనే యుండినవి. పాపము, అవి పాడలేవు గదా! ఇప్పుడు వెదకగా ఈకల రంగులోను, అవయవముల కొలతలలోను స్వల్పభేదములు కనబడెను. అనేక లక్షల యేండ్ల క్రిందటనే ఆ రెండును వేరుపడినవని డి.ఎన్.ఏ. పరీక్ష తెలిపెను. 2016లో ఈ సంగతి ప్రకటితమయ్యెను. బొంగురుగొంతు పక్షికి పాత పేరే మిగిలెను. అడవి గాయనికి, 1987లో కీర్తిశేషుడైన మన పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ పేరు పెట్టిరి.

ఆ రాత్రి నాకు చాలసేపు నిద్ర రాలేదు.

వేకువనే పోయి అరుగుపై కూర్చుంటిని. చింతచెట్టు మీద ఒక పిట్ట కూసెను. అది పికిలిపిట్ట యని పోల్చుకొంటిని. వెంటనే వేపచెట్టు నుండి సన్నని ఈల వంటి పాట వినవచ్చెను. అది దేనిదో తెలియలేదు. ముప్పది యేండ్లలో మా దొడ్డిలోనే దానిని ఎన్నిమారులు చూచియుందునో!

ఇంతలో బాలుడు దుర్భిణితో వచ్చి, “చూచి చెప్పుదునా, పెదనాన్నా?” అని అడిగెను.

“కొంచెము తాళుము, నాయనా. మరల పాడనిమ్ము” అంటిని.