డ్రమ్మర్ లేని మెటల్

రాత్రి హెడ్‌ఫోన్స్‌లో గాడ్‌ఫ్లెష్ వాళ్ల 'స్ట్రీట్‌క్లీనర్' మళ్లీ విన్నా. 1989లో ఇయరేక్ రికార్డ్స్ విడుదల చేసిన ఆల్బం. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ బ్యాండ్. ముఖ్యంగా ఇద్దరే: గిటార్, గొంతు జస్టిన్ బ్రాడ్రిక్‌వి, బేస్ జి.సి. గ్రీన్‌ది. డ్రమ్స్‌కి మనిషి లేడు, మెషీనే.

ఈ బ్రాడ్రిక్ అంతకుముందు నేపామ్ డెత్ బ్యాండ్‌లో ఉన్నవాడే. వాళ్ల 'స్కమ్' ఆల్బం మొదటి వైపు గిటార్ అతనిదే. అక్కడంతా ఊపిరాడని వేగం. ఇక్కడికొచ్చేసరికి పూర్తిగా తిరగేశాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య బోలెడంత జాగా, రోకటిపోటులా నిదానంగా, బరువుగా పడుతుంది. మనిషి డ్రమ్మర్ అయితే ఎక్కడో ఒకచోట అలుస్తాడు, ఊపు మారుస్తాడు. మెషీన్‌కి ఆ జాలి లేదు. ఫ్యాక్టరీ షిఫ్టులో ఉండే కనికరం లేనితనం ఆ శబ్దంలోకి వచ్చింది అందుకే.

బ్లాక్ సబ్బత్ బ్యాండ్‌దీ ఈ బర్మింగ్‌హామే. వాళ్ల గిటారిస్ట్ టోనీ అయోమీ వేళ్ల కొసలు పోగొట్టుకున్నది రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూనే. ఆ ఊళ్లో ఇనుముకీ పాటకీ అంత దగ్గర చుట్టరికం.

ఇలాంటి ఇండస్ట్రియల్ మెటల్ అంటే రామ్‌స్టైన్ బ్యాండ్ స్టేజీ మీది మంటలే గుర్తొచ్చేవాళ్లు ఒక్కసారి 'స్ట్రీట్‌క్లీనర్' వినండి. మొదటి పాట 'లైక్ ర్యాట్స్' చాలు. నచ్చకపోతే నన్ను తిట్టండి, పడతా.