రాగిచేని కాపలా

డెంకణికోట దాటి జవళగిరి దారి పట్టితే రోడ్డుకు ఇరువైపులా రాగిచేలు, వాటి వెనుక అడవి కనబడతాయి. ఆ అడవి అటు బన్నేరుఘట్ట అడవులతో కలిసి, ఇటు కావేరి వైపు సాగుతుంది. ఇందులో కొంతభాగాన్ని 2014లో కావేరి ఉత్తర అభయారణ్యంగా ప్రకటించారు. అడవి అంచున మా చిన్నాయనగారి ఊరు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినబడే ఊరు అది. మనవాళ్ళు అక్కడికి ఎప్పుడు వచ్చారో చెప్పగలిగినవారు ఇప్పుడు లేరు.

మొన్న కార్తీకమాసంలో మేము పిల్లలతో అక్కడికి వెళ్ళాము. పొద్దు వాలకముందే చిన్నమ్మ అందరినీ లోపలికి పిలిచింది. రాగి వెన్ను తీసి పాలుపోసుకొనే వేళకు ఏనుగులు దిగుతాయి. పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి. అడవిలో దానికోసం రోజంతా తిరగాలి. చేనిలో అంతా ఒక్కచోటనే ఉంటుంది. తిన్నది కొంతయితే, తొక్కినది మరికొంత.

రాత్రిపూట ఆ ఇంట్లో ఏనుగు అని పేరెత్తరు, “సామి” అంటారు. చిన్నమ్మ పుట్టిల్లు పలమనేరు వైపు. 1980 తరువాత ఈ ప్రాంతపు ఏనుగులు కొన్ని చిత్తూరు జిల్లాకు వెళ్ళి నిలిచిపోయాయి. 1990లో అక్కడ కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. “నేను ఇక్కడికి కాపురానికొస్తే, అవి మా పుట్టింటికి పోయినాయి” అని చిన్నమ్మ నవ్వింది.

ఆ రాత్రి మేమూ చింతచెట్టు మీది మంచె ఎక్కాము. జాము దాటాక ఎక్కడో కొమ్మ విరిగింది. “మాట్లాడద్దండి, సామి వచ్చుండాడు” అన్నాడు చిన్నాయన. వెన్నెలలో ముందు ఒక పెద్ద ఏనుగు, వెనుక మరి మూడు, వాటి కాళ్ళ నడుమ ఒక పిల్ల. పక్కచేలవారు డప్పులు కొట్టారు, దివిటీలు ఎత్తారు. అవి తొందరపడలేదు. తిన్నంత తిని కదిలాయి.

తెల్లవారి చూస్తే చేను సగం నేలమట్టం. చిన్నమ్మ ఏమీ అనలేదు. ఒంగి, విరిగిన వెన్నులు ఏరి ఒడిలో వేసుకొన్నది. పక్కచేని అతను గట్టుమీద నిలబడి, “ఇంక లాభం లేదన్నా, కరెంటు తీగ లాగేస్తాను” అన్నాడు. రెండేళ్ళ క్రితం తెల్లవారుజామున చేనికి పోతున్న అతని తండ్రిని ఒంటి ఏనుగు చంపింది. ఆ మాటకు ఎవరం బదులు చెప్పలేకపోయాము.

కొంతసేపటికి చిన్నాయన నెమ్మదిగా అన్నాడు: “నీ బాధ నాకు తెలియనిదా? కాని ఆ తీగ మీద సామి పేరు రాసుండదు. నీ ఆవు పోయినా, మన పిల్లోడు పోయినా అది చూడదు. మారండహళ్ళి సంగతి మరిచినావా?”

2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర పొలం చుట్టూ పెట్టిన కరెంటు తీగ తగిలి మూడు ఏనుగులు చచ్చిపోయాయి. రెండు పిల్లలు మిగిలి, వాటి చుట్టే తిరిగాయి. సౌరకంచె సంగతి వేరు. అది ఉండి ఉండి చురుక్కుమనిపిస్తుంది గాని చంపదు. అయితే దంతాలకు ఆ దెబ్బ తగలదని కనిపెట్టిన మగ ఏనుగులు వాటితోనే తీగ తెంపుతాయి. అందుకే కంచె ఉన్నా కాపలా తప్పదు.

అతను ఔననలేదు, కాదనలేదు. వెళ్ళిపోయాడు. సాయంత్రానికి మాత్రం డప్పు పట్టుకొని మా మంచె దగ్గరికి వచ్చాడు. “ఈ రాత్రికి మీరు పడుకోండన్నా” అన్నాడు. చిన్నమ్మ, ఏరిన రాగులతో చేసిన సంకటి మొదటి ముద్ద అతనికే పెట్టింది.

ఆ వైపు బంధువులున్న మన పాఠకులకు ఒక మాట. కోతల కాలంలో వెళితే పొద్దుపొడిచేదాకా అడవిదారిన నడవకండి. రాగిముద్ద తినేటప్పుడు, దానికోసం నిద్ర మానినవారిని ఒక్కసారి తలచుకోండి.