ఒకే పాట – రెండు పెట్టెలు

శ్రవణం కూడ ఒక విద్యే. కన్నులున్నంత మాత్రాన చిత్రకళ బోధపడనట్లే, చెవులున్నంత మాత్రాన సంగీతం వశం కాదు. ఈ విద్యలో మాకు గురువులు మా ఇంట నున్న రెండు జతల పాత స్పీకర్లు.

మొదటి జత మా మేనమామగారు లండన్ నుండి తెచ్చినది. దాని పేరు ఎల్.ఎస్. 3/5ఎ. 1970వ దశకంలో బి.బి.సి. ఇంజనీర్లు దీనిని రూపొందించారు. స్టూడియో వెలుపలి కార్యక్రమాలను ప్రసారం చేసే వాహనాలలో చోటు తక్కువ గనుక, శబ్దాన్ని పరిశీలించే ఉద్యోగికి చిన్న పెట్టె అవసరమయింది. అడుగు ఎత్తు, లోపల సుమారు 5 లీటర్ల చోటు, అన్ని వైపులా మూత. స్పీకర్లను పరీక్షించేటప్పుడు బి.బి.సి. వారు మనిషి మాటను గీటురాయిగా ఎంచుకొనేవారు.

రెండవది మా పెదనాన్నగారు సౌదీ అరేబియా నుండి తెచ్చిన జె.బి.ఎల్. ఎల్-100. అమెరికాలో రికార్డింగు స్టూడియోల కోసం చేసిన స్పీకరుకు 1970లో వెలువడిన గృహరూపమిది. 12 అంగుళాల తెల్లని కాగితపు కోను, ముందువైపు గాలి వెడలే రంధ్రం దీని లక్షణాలు. స్పాంజి తెర ఏనాడో పొడియై రాలిపోయింది. కోను మాత్రం చెక్కుచెదరలేదు.

ఒంగోలు చేరువనున్న కరవదిలో 1924లో జన్మించిన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారి రికార్డును ఈ రెండింటిపైనా వింటూ ఉంటాము. చిన్నవాటికి శబ్దం కొంత పెంచి రెండింటినీ సమం చేయాలి; లేకున్న బిగ్గరగా మ్రోగినదే మేలనిపిస్తుంది. పెద్ద పెట్టెల్లో డోలు దెబ్బ నేలగుండా పాదాలకు తాకుతుంది. ఊరేగింపు మన వీథిలోకే వచ్చినట్లుంటుంది. చిన్నవాటిలో ఆ లోతు లేదు. అంత చిన్న కోను అంత గాలిని కదల్చలేదు. కాని విద్వాంసుని ఊపిరి, గమకంలోని సన్నని మలుపు స్పష్టంగా తెలుస్తాయి. కన్ను మూస్తే పెట్టెలు మాయమై వాద్యమొక్కటే మిగులుతుంది.

నిరుడు ఒక పెద్దమనిషి చిన్న జతకు మంచి ధర పలికాడు. మిద్దె మరమ్మతుకు ఆ సొమ్ము సరిపోయేది. డోలు మ్రోత అంటే ప్రాణమిచ్చే మా తమ్ముడు అమ్మేద్దామన్నాడు. మేమూ ఆలోచనలో పడ్డాము.

మా అమ్మగారికి డెబ్బది దాటినవి. వయస్సు మొదట హరించేది హెచ్చు స్థాయి ధ్వనులను. శ, స, త వంటి హల్లులు జారిపోతాయి. పైగా మంద్రధ్వనుల ఉరవడి వాటిని మరింత కప్పివేస్తుంది. పెద్ద పెట్టెల్లో ఘంటసాల వారి పద్యం వేస్తే ఆమె, “పాట వినిపిస్తున్నది బాబూ, మాట వినిపించటం లేదు” అన్నారు. మీట త్రిప్పి అదే పద్యం చిన్నవాటిలో వినిపించాము. రెండవ పాదానికి ఆమె పెదవులు కదిలాయి. చివరి పాదం ఆమె కూడ పలికారు. మా తమ్ముడు మరి అమ్మకం మాట ఎత్తలేదు. మరమ్మతు వచ్చే ఏటికి వాయిదా పడింది.

విద్యార్థి మిత్రులారా, ఏ స్పీకరూ గాయకుని సాక్షాత్తూ మన గదిలోకి తీసికొనిరాలేదు. ప్రతిదీ కొంత చెప్పి కొంత విడుస్తుంది. రెండింటినీ పక్కపక్కన విన్నవారికే ఏది ఏమి విడిచినదో తెలుస్తుంది. కనుక ఏది ఉత్తమమని తీర్పు చెప్పబోయే ముందు, ఎవరు వింటున్నారో, దేనికోసం వింటున్నారో ఒకసారి విచారించండి. మా ఇంట ఆదివారం ఉదయం పద్యాలకు, సాయంత్రం డోలు సన్నాయిలకు కేటాయించాము.