రాబందు

లోకమున కొన్ని ప్రాణులకు అపకీర్తి పుట్టుకతోనే వచ్చును. అట్టివానిలో రాబందు ఒకటి. పరుల సొమ్ము దోచుకొనువానిని రాబందని నిందింతుము. అది ఇంటిపై వ్రాలిన కీడని భయపడుదుము. అయినను సీతాదేవిని రక్షింపబూని ప్రాణములర్పించిన జటాయువు ఈ పక్షికులమునకు రాజే గదా!

ఉప్పల్ నల్లచెరువు గట్టుననో, నాచారము పారిశ్రామికవాడ దాపుననో నిలిచి మధ్యాహ్నవేళ తలయెత్తి చూడుడు. ఱెక్కలాడింపక, వేడిగాలిపై తేలుచు, వలయములుగా తిరుగు పక్షులు కనబడును. సెలవుదినములలో నేను వానిని చాలసేపు చూచుచుందును. అవి నల్లగ్రద్దలు, తోక చివర చీలియుండుట వాని గుర్తు. రాబందునకు ఱెక్కలు మిక్కిలి వెడల్పు, తోక పొట్టి, మెడ బోడి. అట్టిది ఒక్కటియు నాకు ఇంతవఱకు కనబడలేదు. మా తాతగారి బాల్యమున అవి ఊరి వెలుపల పశుకళేబరముల చుట్టును గుంపులుగా దిగుచుండెడివట.

అమెరికాఖండమున టర్కీ రాబందు అనునది కలదు. దాని ఎఱ్ఱని బోడితల టర్కీకోడి తలను బోలియుండుటచే ఆ పేరు వచ్చెను. అది వాసన పట్టి ఆహారమును కనుగొనును. మన రాబందులకు కంటిచూపే ఆధారము. ఏ దేశమునందైనను వీని పని ఒక్కటే: కుళ్లు మాంసమును తిని నేలను శుభ్రపఱచుట. మెడపై ఈకలు లేకుండుటయు ఆ పనికి అనుకూలమే. నెత్తురు అంటుకొని నిలువదు.

మఱి మన రాబందులేమైనవి? పశువుల నొప్పులకిచ్చు డైక్లోఫినాక్ అను మందు కళేబరమునందు మిగిలి, దానిని తినిన రాబందుల మూత్రపిండములను చెఱచి చంపుచున్నదని 2004వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 1992 మొదలు 2007 వఱకు మన దేశమున తెల్లవీపు రాబందులు వేయింటికి ఒక్కటిగా తగ్గిపోయెను. అవి తినవలసిన కళేబరములు వీథికుక్కల పాలయ్యెను. 2006లో ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించెను. కాని రాబందు ఏటికొక్క గ్రుడ్డే పెట్టును గావున నష్టము త్వరగా పూడదు.

ఆశ లేకపోలేదు. 2013లో బెజ్జూరు అడవులలోని పాలరాపుగుట్టపై పొడవుముక్కు రాబందుల గూళ్లు కనబడినవి. మన నగరమందలి నెహ్రూ జంతుప్రదర్శనశాలలో వీని సంతతిని పెంచుటకు కేంద్రము నెలకొల్పబడినది.

సోదరవిద్యార్థులారా! పాడిపశువులు గల ఇండ్లవారు మనలో ఉందురు. పశువునకు నొప్పి కలిగినపుడు, రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అను మందు కలదని పెద్దలకు తెలుపుడు. సృష్టికర్త ఏ ప్రాణిని వ్యర్థముగా చేయలేదని మనము పాఠములలో చదువుచున్నాము. ఆ మాటను నమ్మువారికి ఇది చేతనైన పని.