చట్నీలో తమిళనాడు

మనోహరాబాద్ దగ్గర హైవే పక్కన చాయ్ హోటల్లో గంట కూర్చుంటే దేశంలో సగం కళ్ల ముందు నుంచే పోతుంది. ఒకప్పుడు ఏడో నంబరు రోడ్డు, ఇప్పుడు నలభై నాలుగు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే దారి కనుక లారీలకు కొదవ లేదు. రాజస్థాన్‌వి, పంజాబ్‌వి, పుట్టి బుద్ధెరిగి నాగాలాండ్ ముఖం చూడని నాగాలాండ్ నంబరు బండ్లు.

ఆ రోజు బస్సు ఎంతకీ రాలేదు. ఏడో తరగతి చదివే మా మేనకోడలు ఆట ఒకటి మొదలుపెట్టింది. వచ్చే బండి నంబరు ప్లేటు మీద మొదటి రెండు అక్షరాలు, అదే వరసలో, పక్కపక్కనే ఉన్న ఇంగ్లిషు మాట చెప్పాలి. లారీ కాళ్లకల్ వైపు కనుమరుగయ్యేలోపే చెప్పాలి. ఫోన్ తీస్తే ఓడినట్టే.

హర్యానా బండికి 'త్రీ' అంది. నాగాలాండ్‌కు 'ఓన్లీ'. రాజస్థాన్ వచ్చినప్పుడు నేను 'పెర్జురీ' అన్నాను.

"అట్లాంటి మాటనే లేదు మామా, నువ్వు కల్పిస్తున్నవ్."

కోర్టులో ప్రమాణం చేసి అబద్ధం చెప్పడమని అర్థం చెప్పాను. అనుమానం ఇంకా పెరిగింది. పాయింటు ఇవ్వలేదు.

అంతలో తమిళనాడు బండి. టీ, ఎన్. నేను తడుముకుంటుంటే పిల్ల తన ప్లేటులోకి చూసి "చట్నీ!" అని అరిచింది. ఆ వెనకే వచ్చిన ఢిల్లీ కారుకు వెతుక్కునే పనే లేకపోయింది. డీ, ఎల్ రెండూ ఇడ్లీలోనే ఉన్నాయి. రెండూ ఎప్పుడో ఇంగ్లిషు నిఘంటువుల్లోకి ఎక్కిన మాటలే కాబట్టి నేను పేచీ పెట్టలేదు.

ఆ పిల్ల వెతుకుతున్నది కంటితో కాదు, చెవితో అని నాకు అప్పుడు తెలిసింది. 'ట్న', 'డ్ల' అని మనకు ఒత్తులు వినిపిస్తాయి, మాట వాటంతటదే వచ్చేస్తుంది. అలాంటి చెవికి పంజాబ్ లారీ ఎదురైంది. పీ, బీ. ఇంట్లో రోజూ 'కబోర్డు' తలుపు తీసి పుస్తకాలు పెట్టుకునే పిల్లకు అందులో పీ ఉందని తట్టలేదు. ఇంగ్లిషువాడే దాన్ని మింగేశాడు, మనమూ మింగేశాం. రాస్‌బెర్రీలోనూ అదే కథ. రాతలో ఉంటుంది, నోట్లో ఉండదు.

టీజీ దగ్గర మాత్రం ఇద్దరమూ చతికిలపడ్డాం. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చినప్పుడు ఇచ్చింది టీఎస్. ఆటకు అంతకంటే మంచి అక్షరాలు ఉండవు. హ్యాట్స్, క్యాట్స్, మనవాళ్లు ఒక్కటున్నా బహువచనంలోనే అడిగే బిస్కెట్స్. 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది. ఎందుకు మార్చారన్నది మన తగాదా కాదు గానీ, ఆటకు మాత్రం కష్టకాలం వచ్చిపడింది. అంతకు ముందు ఉమ్మడి రాష్ట్రంలో మెదక్ జిల్లాది ఏపీ 23. జిల్లాల పేర్లను దాదాపు ఇంగ్లిషు అక్షరక్రమంలో పేర్చి నంబర్లు వేసుకుంటూ పోయారు కనుక ఆదిలాబాద్ ఒకటి, మహబూబ్‌నగర్ ఇరవై రెండు, ఆ పక్కనే మనం. ఇప్పుడు టీజీ 35.

మమ్మల్ని గట్టెక్కించింది పక్క బల్ల. ఇద్దరు మనుషులు భూమి బేరం మాట్లాడుకుంటున్నారు. "అది బ్యాంకుల మార్ట్‌గేజ్‌ల ఉన్నది, ముట్టుకోకు" అన్నాడు ఒకాయన, ట్ దగ్గర గట్టిగా నొక్కి. దొరికింది! ఇంగ్లిషువాళ్లు ఆ టీని పలకరు. పాత ఫ్రెంచిలో 'చచ్చిన తాకట్టు' అన్న అర్థంతో పుట్టిన మాట, ఆ టీ కూడా చచ్చినట్టే పడి ఉంటుంది. మన రైతు దానికి మళ్లీ ప్రాణం పోశాడు. కబోర్డు దగ్గర మా చెవి మోసపోతే, ఇక్కడ 'తప్పు' ఉచ్చారణే స్పెల్లింగు చెప్పింది.

అవధానంలో న్యస్తాక్షరి ఇలాంటిదే. ఫలానా పాదంలో ఫలానా స్థానాన ఫలానా అక్షరం పడాలంటాడు పృచ్ఛకుడు. ఛందస్సు, అర్థం చెడకుండా అవధాని దాన్ని అక్కడే నిలబెట్టాలి. మా ఆటకంటే ఎన్నో రెట్లు కష్టం, కాదనను. కాకపోతే తెలుగులో పెట్టిన అక్షరం పలికి తీరుతుంది. అవధానికి ఆ భరోసా ఉంది, మా పిల్లకు లేదు.

బస్సు ఆశ వదిలి స్టేషన్‌కు నడిచాం. 2023 అక్టోబరు నుంచి సిద్దిపేటకు రైలు నడుస్తోంది, కొత్త లైను ఇక్కడే చీలుతుంది. ప్లాట్‌ఫారం బోర్డు మీద ఊరి పేరు తెలుగులో ఆరు అక్షరాలు, ఇంగ్లిషులో పదకొండు. అందులో నాలుగు 'ఏ'లే. ఇంగ్లిషులో అన్నిటికంటే ఎక్కువ వాడే 'ఈ' ఒక్కటీ లేదు. స్క్రాబుల్ ఆటలో వంద బిళ్లలుంటే పన్నెండు 'ఈ'లే ఉంటాయి. అయినా ఆ పదకొండు అక్షరాల్లోంచి పిల్ల రోడ్, బోర్డ్, నోమాడ్ తీసింది. ఆఖరున 'అబ్రాడ్' కూడా.

అబ్రాడ్ అనగానే అమెరికాలో మన పిల్లలు గుర్తొచ్చారు. 2024లో అక్కడి జాతీయ స్పెల్లింగ్ బీ గెలిచిన పన్నెండేళ్ల బృహత్ సోమ తెలుగింటి పిల్లవాడే. టైబ్రేకర్‌లో తొంభై సెకన్లలో ఇరవై తొమ్మిది మాటలకు సరైన స్పెల్లింగు చెప్పాడు. వినిపించని అక్షరాలన్నీ ఆ బుర్రలో ఎక్కడెక్కడ దాక్కున్నాయో! మా మేనకోడలికి ఈ సంగతి చెబితే, "ఆయనకు లారీలు అడ్డం రాలే గద మామా" అంది.

ఛత్తీస్‌గఢ్ బండి మాత్రం మాకు ఇప్పటికీ బాకీ. సీ పక్కనే జీ రావాలి. మనుషుల పేర్లు చెల్లవు, ఫోన్ చూడకూడదు. మీకు తడితే చెప్పండి. పాయింటు మీకే ఇస్తామంది మా పిల్ల.